గట్టెక్కిన వ్యాపారం

విశాఖపట్నంలో సముద్రాన్ని నమ్ముకుని బతికేవారికి కొదవ లేదు. వేటకు వెళ్లేవారు, ఓడలకు సరుకెత్తేవారు, బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ అమ్మేవారు, అందరికీ ఆ నీళ్లే అన్నం పెడుతున్నాయి. సముద్రాన్ని కొలిచే సామాను అమ్మి బాగుపడదామని మాత్రం నేనెరిగినంతలో మా బావమరిది ఒక్కడే సంకల్పించాడు. 1950లలో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం చెప్పిన ఊళ్లో ఇలాంటి సామానుకు గిరాకీ లేకపోవడమేమిటని అతని వాదన. ద్వారకానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, "సముద్ర పరికరాలు, సేవలు" అని బోర్డు పెట్టించి, బ్యాంకులో పనిచేసి రిటైరైన పాపానికి లెక్కలు చూసే బాధ్యతను నాకు అప్పగించాడు.

బోర్డు చూసి వచ్చినవారిలో అత్యధికులు ఇళ్లలో రంగు చేపలు పెంచుకునేవారు. వారికి కావలసింది తొట్టెలో బుడగలు వదిలే మోటారు. మా దగ్గరున్నది నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను, లోతును ఒకేసారి కొలిచే సీటీడీ, దాని ధరకు చేపలతో సహా తొట్టెల దుకాణమే వస్తుంది. ఒక పెద్దాయన సెక్కీ పళ్లేన్ని చేతిలోకి తీసుకుని అది దేనికని అడిగాడు. 1865లో సెక్కీ అనే ఇటలీ మతాచార్యుడు ఇలాంటి తెల్లని పళ్లేన్ని తాడుతో సముద్రంలోకి దింపి, అది కంటికి కనబడకుండా పోయే లోతును బట్టి నీటి స్వచ్ఛతను అంచనా కట్టాడని మావాడు భక్తిగా వివరించాడు. "మా ఇంట్లో స్టీలు పళ్లేలు చాలానే ఉన్నాయి నాయనా, తాడు ఒక్కటీ కొనుక్కుంటాను" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. ఇక పెద్ద సంస్థలు కొనేది టెండర్ల మీద. అనుభవం లేనిదే టెండరు రాదు, టెండరు రానిదే అనుభవం రాదు.

ఆ దశలో, తీరాన జెట్టీ కట్టదలచిన ఒక కంపెనీ, అక్కడి అలల ఎత్తును కొన్ని నెలలపాటు కొలిచి ఇమ్మని అడిగింది. అలల బోయాను కొనే స్తోమత లేక, మావాడు గుజరాత్‌లో ఒకరు వాడి వదిలేసినదాన్ని అద్దెకు తెచ్చాడు. పసుపుపచ్చని పెద్ద బంతి అది. నెత్తిన దీపం, అడుగున సాగే రబ్బరు తాడు, దాని చివర లంగరు. అలతో పాటు తాను ఎగిరి దిగే తీరును లోపలి యంత్రం పసిగట్టి, అరగంటకొకసారి ఎత్తులు లెక్కకట్టి, తానున్న చోటుతో సహా పంపుతుంది. అనుమతులన్నీ తెచ్చుకుని, లంగరు వేసి, కొబ్బరికాయ కొట్టి వచ్చాము.

కొన్నాళ్లు అంకెలు సలక్షణంగా వచ్చాయి. ఫిబ్రవరిలో ఒక ఉదయం అల ఎత్తు సున్నా అయింది, అలాగే ఉండిపోయింది. నీటి ఉష్ణోగ్రత మధ్యాహ్నం 38 డిగ్రీలకు ఎక్కి, తెల్లవారుజామున 20కి దిగడం మొదలుపెట్టింది. ఆపైన రోజూ సాయంత్రం నాలుగున్నరకు కచ్చితంగా చిన్న చిన్న అలలు పుట్టి, చీకటి పడగానే ఆగిపోయేవి. బంగాళాఖాతం ఆఫీసు వేళలు పాటించడం నాకు వింతగా తోచింది కానీ, మావాడికి అందులో ఒక మహా ఆవిష్కరణ కనబడింది. "బావగారూ, నీటి పొరల మధ్య పుట్టే అంతర్గత తరంగాలివి, లాఫాండ్ గారు కూడా వీటినే పరిశోధించారు" అని, అంకెలన్నిటినీ పట్టికలుగా వేసి కంపెనీకి పంపేశాడు. బోయా ఉన్న చోటు మారలేదు కదా అని అడిగితే, అక్షాంశం నిన్నా 17 డిగ్రీలే, నేడూ 17 డిగ్రీలేనన్నాడు. దశాంశ బిందువు తర్వాత రెండో అంకె ఒక్కటి మారితే కిలోమీటరుకు పైగా తేడా వస్తుందన్న సంగతి, పరికరాలు అమ్మేవాడికన్నా దుకాణంలో టీ తెచ్చే కుర్రవాడికి బాగా తెలుసు. అతను ఆ అంకెలను ఫోన్‌లోని మ్యాపులో కొట్టి, "సార్, మన బోయా భీమిలి వైపు ఒక పల్లెలో, సందు చివర ఉంది" అన్నాడు.

వెళ్లి చూస్తే అది ఒక మత్స్యకారుని పెరట్లో, ఎండలో, కొబ్బరిచెట్టు నీడకు కాస్త ఎడంగా కూర్చుని ఉంది. బడి వదలగానే పిల్లలు దాని మీదెక్కి ఊగుతున్నారు. ఇంటాయన మమ్మల్ని చూసి ఏమాత్రం తొణకలేదు. "ఏటి బాబూ, ఇది మీదేనా? నా వల్లో పడి వలంతా సిరిగిపోనాది. దాని మీద నంబరుంటే పోను సేసినాను, ఎవులో గుజరాతీలో తిట్టినారు" అన్నాడు. పాత అద్దెదారు నంబరును చెరిపి మాది రాయించాలన్న ఆలోచన మావాడికి రాలేదు. బోయా చోటు మారిందని యంత్రం పంపిన హెచ్చరికలు కూడా ఆ నంబరుకే పోయాయని, ఆ గుజరాతీ పెద్దమనిషి కోపానికి కారణం అదేనని తర్వాత తెలిసింది.

వలకు నష్టపరిహారం ఇచ్చాము. లంగరు ఎక్కడ వేశారో విని ఆయన నోరు తెరిచాడు. మరబోట్లు వలలు ఈడ్చే దారి అదేనట. తేలే వస్తువు నీడన చేపలు చేరుతాయి కనుక, వలలు రాకపోయినా పడవలు వచ్చి దానికి కట్టుకుంటాయని కూడా చెప్పాడు. మంచి చోటు చూపించి, తన తెప్పలోనే తీసుకెళ్లి వేయించి, కూలి తీసుకున్నాడు. మా ఖాతాలో "సేవలు" అనే పద్దు కింద నేను రాసిన మొదటి మొత్తం అదే. అది ఖర్చు వైపు పడింది.

వారం తిరగకముందే కంపెనీ ఇంజనీరు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు పంపిన పట్టికలను క్షుణ్ణంగా పరిశీలించామని, రోజూ సాయంత్రం నాలుగున్నరకు వచ్చే అలలను తట్టుకోవడానికి జెట్టీ స్తంభాలను ఎంత లావు చేయమంటారో తెలపాలని కోరాడు. ఆ అలలు పండుగలకు, ఆదివారాలకు పొద్దున్నుంచే వస్తాయని కూడా రాయమంటారా అని మావాడు నన్ను అడుగుతున్నాడు.