పిలిచే పేరే మొదటి మందు

2025 ఆరంభంలో హైదరాబాద్ నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్ మూతపడింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే 2021 నుంచి నడుపుతూ వచ్చిన క్లినిక్ అది. అమెరికాలో ప్రభుత్వం మారి ఆ దేశపు విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ నిధులు ఆగిపోవడంతో ఇక్కడ తాళం పడింది. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరిట మళ్లీ తెరుచుకుంది, మంచిదే. కానీ ఇలా చికిత్సకు గండి పడినప్పుడు ఏమవుతుంది? శరీరాన్ని తమ జెండర్‌కు తగ్గట్టు మార్చే హార్మోన్లు ఆపలేక కొందరు మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని, తోచినన్ని వేసుకుంటారు. దాంతో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అన్నీ చెప్పుకొన్న కౌన్సెలర్ ఉండరు. కొత్తవాళ్ల దగ్గర కథంతా మొదటి నుంచి విప్పే ఓపిక అందరికీ ఉండదు.

ట్రాన్స్‌జెండర్ల మానసిక ఆరోగ్యం అనగానే మనవాళ్లు కౌన్సెలింగ్ దగ్గరే ఆగిపోతారు. కౌన్సెలింగ్ కావాలి. కానీ ఈ కుంగుబాటు పుట్టేది ఇంట్లో, బడిలో, ఆఫీసు కౌంటర్ దగ్గర. చికిత్స కూడా ముందు అక్కడే మొదలవ్వాలి.

అమెరికాలోని మూడు నగరాల్లో 15 నుంచి 21 ఏళ్ల ట్రాన్స్ యువత 129 మందిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తాము ఎంచుకున్న పేరుతో తమను ఎక్కడెక్కడ పిలుస్తున్నారని అడిగారు: ఇంట్లోనా, బడిలోనా, పనిచోటా, స్నేహితుల మధ్యా? ఆ పేరు చెల్లే చోటు ఒక్కటి పెరిగితే ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం, ప్రయత్నాలు 56 శాతం తక్కువగా కనిపించాయి. పైసా ఖర్చు లేని పని ఇది. కెనడాలోని ఒంటారియోలో 16 నుంచి 24 ఏళ్ల ట్రాన్స్ యువతను అడిగితే, తల్లిదండ్రులు గట్టిగా వెన్నంటి నిలిచినవారిలో గత ఏడాదిలో ఆత్మహత్యకు ప్రయత్నించినవారు 4 శాతం. అలాంటి అండ లేనివారిలో 57 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్నది అమ్మానాన్నలే.

వివక్ష లోపలికి ఎలా దిగుతుందో కూడా తెలిసిందే. మొదట బయటి నుంచి తిట్టో దెబ్బో పడుతుంది. తర్వాత ఎవరూ ఏమీ అనకపోయినా, ఇప్పుడు అంటారేమో అన్న కాపలా మొదలవుతుంది. బస్సెక్కే ముందు ఏ సీటు దగ్గర నిలబడాలా అని లెక్క వేసుకోవాలి. ఏ టాయిలెట్‌కు వెళ్లినా గొడవేనని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండేవారున్నారు. దాంతో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు. ఆపై దాచుకోవడం. చివరికి లోకం అనే మాటనే మనసు తనకు తాను చెప్పుకోవడం. ఈ నాలుగో మెట్టు దగ్గరికి వచ్చాకే చాలామంది డాక్టర్‌కు కనిపిస్తారు. డాక్టర్ చూసేది చివరి మెట్టునే.

ఇంతమందికి డిప్రెషన్ ఉందంటే లోపం వారిలోనే ఉందనే వాదన ఉంది. లోపం పుట్టుకదే అయితే ఇంటి మద్దతు ఉన్నవారికీ లేనివారికీ ఇంత తేడా ఉండకూడదు. సంతోషంగా ఉన్న పిల్లలకే తల్లిదండ్రులు అండగా ఉంటారేమో అనే సందేహం న్యాయమైనదే. కానీ పేరు చెల్లే చోట్లు పెరిగేకొద్దీ బాధ మెట్టుమెట్టుగా తగ్గడాన్ని ఆ సందేహం ఒక్కటే వివరించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 నుంచి అమల్లోకి వచ్చిన తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేసింది.

ఇక మన ఆస్పత్రి సంగతి. ఓపీ చీటీ మీద ఆధార్‌లోని పాత పేరు పడుతుంది. హాలు నిండా జనం ఉండగా ఆ పేరే గట్టిగా పిలుస్తారు. చీర కట్టుకున్న మనిషి ఆ పేరుకు లేచి నిలబడాలి. చాలామంది లేవరు, వెళ్లిపోతారు. చీటీలో ‘పిలిచే పేరు’ అని ఒక గడి పెడితే చాలు. ఇక కాగితాలు. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల దారి సులువుగానే కనిపించింది: అఫిడవిట్, దరఖాస్తు, వైద్యపరీక్ష అక్కర్లేకుండా 30 రోజుల్లో కలెక్టర్ ధ్రువపత్రం. చిక్కు ఆ తర్వాతే. ఆధార్‌లో కొత్త పేరు, పదో తరగతి మెమోలో పాత పేరు ఉంటే ఉద్యోగానికి ధ్రువపత్రాల పరిశీలన దగ్గరే ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ఇస్తున్న నెలకు రూ.4,000 పింఛను అవసరమే. అది మెమో మీద పేరును మార్చదు.

అదే 2019 చట్టం కుటుంబాన్ని రక్తం, పెళ్లి, దత్తత అనే మూడింటితోనే నిర్వచించింది. ఇంట్లోంచి గెంటేస్తే అన్నం పెట్టి, నిర్వాణం (పురుషాంగం తొలగించే క్రతువు) తర్వాత నలభై రోజులు కనిపెట్టుకుని ఉండేది గురువు ఇల్లు, అంటే సమాజంలోని పెద్ద ట్రాన్స్ మహిళ ఇల్లు. అక్కడా అప్పులు, కట్టుబాట్లు, పెత్తనం ఉన్నాయి, కాదనను. అయినా చాలామందికి ఆ ఒక్క గోడే ఆసరా. ఐసీయూ బయట సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ గురువు ఎవరూ కారు.

అసలు ఈ మనుషుల్ని రాజ్యం ఎందుకు లెక్కపెడుతూ వచ్చిందన్నదే నన్ను తొలిచే ప్రశ్న. నిజాం కాలపు 1329 ఫస్లీ (1919) చట్టం హైదరాబాద్‌లో వారి పేర్లతో రిజిస్టర్ పెట్టించింది. ఆడ దుస్తుల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోమంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో! ఆ తర్వాతి రిజిస్టర్ హెచ్‌ఐవీ కార్యక్రమాలది. అందులో వీరి పేరు ‘హై రిస్క్ గ్రూప్’. ఎన్ని కండోమ్‌లు ఇచ్చారు, ఎంతమందికి రక్తపరీక్ష చేశారు అన్నవి లెక్కకెక్కాయి. ఆ పని ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ మొదట నేరమని, తర్వాత రోగమని, ఎప్పుడూ ఇతరులకు వీరివల్ల వచ్చే ముప్పునే లెక్కగట్టారు. వీరికి ఇతరులవల్ల వచ్చే ముప్పుకు ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు.

2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 33 ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌లు ప్రారంభించింది. వాటి నెలవారీ నివేదికలో పరీక్షల సంఖ్య పక్కనే మరికొన్ని గడులు ఉండాలి: ఎన్ని కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడారు, ఎన్ని మెమోల్లో పేరు మారింది, మొదటిసారి వచ్చినవారిలో రెండోసారి ఎందరు వచ్చారు. ప్రతి క్లినిక్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్ట్, ఒక ట్రాన్స్ ఉద్యోగి ఉండాలి. ఆ రెండు పోస్టుల జీతం ఏ దాత దయ మీదా కాకుండా రాష్ట్ర బడ్జెట్ పద్దులోంచి రావాలి.