ఉమ్మి పరీక్ష

మా తమ్ముడు పళ్లు తోముకోవడం చూస్తే బ్రష్ మీద జాలేస్తుంది. నోట్లో పెడతాడు, ఫోన్ చూస్తాడు, తీసేస్తాడు. మధ్యలో అది కదిలిందో లేదో దేవుడికే తెలియాలి. రాత్రిపూటైతే ఆ తతంగం కూడా లేదు. అయినా వాడి 32 పళ్లలో ఒక్కటంటే ఒక్కటి పుచ్చలేదు. నేనేమో రెండు పూటలా తోముతాను, సందుల్లో దారం లాగుతాను, తిన్న వెంటనే పుక్కిలిస్తాను. నా నోట్లో సొంత పన్ను ఎక్కడ అయిపోయి సిమెంట్ ఎక్కడ మొదలవుతుందో నాకే తెలీదు.

ఈమధ్య మళ్లీ ఓ దవడ పన్ను సలపడం మొదలెట్టింది. డాక్టర్ దగ్గరికి బయల్దేరితే తమ్ముడు కూడా వచ్చాడు. తోడుకని చెప్పాడు గానీ, వినోదానికని నాకు తెలుసు.

డాక్టర్ గారు నోరంతా చూసి, "తోమడం బాగానే తోముతున్నారమ్మా. అసలు మీకు లాలాజలం ఎంత ఊరుతోందో చూద్దాం" అన్నారు. నా చేతిలో ఓ మైనం ముక్క, గీతలు గీసిన చిన్న గ్లాసు పెట్టారు. అయిదు నిమిషాలు ఆ మైనం నములుతూ, ఊరినదంతా గ్లాసులో ఉమ్మాలి. మామూలుగా నిమిషానికి ఒక మిల్లీలీటరైనా రావాలట.

మనిషి నోట్లో రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుందంటారు. మిగతా రోజుల్లో నాకూ ఊరుతుంది. కానీ ఎదుట కుర్చీల్లో నలుగురు కూర్చుని చూస్తుండగా ఉమ్మమంటే, ఆ టెన్షన్‌కి నోరు కాస్తా పిడచకట్టుకుపోయింది. నమిలీ నమిలీ దవడలు నొప్పెట్టాయి గానీ గ్లాసు అడుగు తడవలేదు. చివరికెలాగో ఓ నురుగు చుక్క పెదవి దాటింది. దాటింది గానీ తెగలేదు. పెదవికీ గ్లాసుకీ మధ్య సన్నటి తీగలా సాగింది. తల ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు వచ్చింది. సరిగ్గా అప్పుడే రిసెప్షన్ అమ్మాయి వచ్చి, "మేడమ్, మీ వయసు?" అంది. నోరు తెరిచాను. తీగ తెగి గడ్డానికి చుట్టుకుంది.

"నాకూ ఓ గ్లాసివ్వండి సార్" అన్నాడు తమ్ముడు. ఇచ్చారు. మూడో నిమిషానికే "ఇంకో గ్లాసుందా?" అని అడిగాడు.

డాక్టర్ గారు పాపం నన్నే ఓదార్చారు. కంగారులో చేసిన పరీక్ష లెక్కలోకి రాదని, ఇంకోరోజు చేద్దామని అన్నారు. జలుబుకి నేను వేసుకునే అలర్జీ మాత్రలు కూడా నోరు ఎండబెడతాయట. తర్వాత అసలు సంగతి చెప్పారు. నోట్లో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, 1924లో క్లార్క్ అనే ఆయన పుచ్చిన పళ్లలో దాన్ని పట్టుకున్నాడు. మనం తిన్న తీపి దానికి విందు. అది తిని ఆమ్లం వదులుతుంది. నోట్లో పులుపు పెరిగి, దాని కొలత పీహెచ్ 5.5 కంటే కిందికి దిగిందంటే పన్ను పైపొర కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ పులుపుని విరిచి, కరిగిపోయిన కాల్షియం, ఫాస్ఫేట్‌లని మళ్లీ పన్నుకి అందిస్తుంది. అందుకు అరగంట నుంచి గంట పడుతుంది. అర్జినిన్ అనే పదార్థం నుంచి అమ్మోనియా తయారుచేసి ఆ పులుపు తగ్గించే మంచి బ్యాక్టీరియా కూడా కొన్ని ఉన్నాయి. "మీ తమ్ముడి నోట్లో అవే ఎక్కువున్నాయేమో" అన్నారు. వాడు చొక్కా కాలర్ సర్దుకున్నాడు.

దారంతా ఫోన్‌లో చదివి వినిపిస్తూనే ఉన్నాడు. "అక్కా, 1683లో లీవెన్‌హుక్ అనే డచ్ శాస్త్రవేత్త పళ్ల పాచిని సూక్ష్మదర్శినిలో చూశాడట. జన్మలో పళ్లు తోమని ముసలాయన పాచిలో అయితే క్రిములు కిటకిటలాడుతున్నాయట!" వాడి గొంతులో ఆ ముసలాయన మీద భక్తి వినిపించింది.

నన్ను కదిలించింది ఇంకో ముక్క. ఆ మ్యూటన్స్ పసిపిల్లలకి ఎక్కువగా తల్లి ఉమ్మి నుంచే అంటుతుందట. ఇంటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాను.

"నా దగ్గర్నుంచే వచ్చిందా? వచ్చే ఉంటుందే. నువ్వు మొదటిదానివని ప్రతి ముద్దా నా నోట్లో పెట్టుకుని, వేడి చూసి మరీ తినిపించాను. వాడి వంతొచ్చేసరికి నాకంత తీరిక ఎక్కడిది?" అంది అమ్మ.