లేత్ స్టాండుకు బరువు ఒక్కటే చాలదు
చెక్కను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే చిన్న లేత్ యంత్రానికి స్టాండు ఎంత బరువుగా ఉంటే అదురు అంత తగ్గుతుందని, కనుక కింది అరలో ఇసుక నింపితే సరిపోతుందని లేత్ స్టాండుల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను సగం వరకే ఏకీభవిస్తాను. ఇసుక మంచిదే, 30 లీటర్ల పొడి ఇసుక సుమారు 45 కిలోలకు పైనే తూగుతుంది, పైగా రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని అదురును కొంత మింగేస్తాయి. కానీ కాళ్ల మధ్య ఏటవాలు ఊతాలు లేకుండా, అతుకులు వదులుగా ఉన్న స్టాండు మీద ఎంత బరువు పెట్టినా, సమతూకం లేని మొద్దును తిప్పగానే అది పక్కలకు ఊగుతూనే ఉంటుంది. నా స్టాండుకు వెనుకవైపు నిండుగా ఒక ప్లైవుడ్ పలకను జిగురు పెట్టి స్క్రూలతో బిగించాక, ఇసుక ఇంకా వేయకముందే, ఉలి అంచు కింద చెక్క మీద పడే అలల్లాంటి గీతలు చాలావరకు పోయాయి. వ్యాసం అసలు ప్రస్తావించని ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది: పైబల్ల సమతలంగా లేకపోతే, బోల్టులు బిగించేకొద్దీ లేత్ బెడ్ (యంత్రం అడుగున ఉండే పొడవాటి దిమ్మె) మెలితిరిగి, హెడ్‌స్టాక్ (చెక్కను తిప్పే భాగం), టెయిల్‌స్టాక్ (చెక్క రెండో కొసను పట్టి ఉంచే భాగం) మొనలు ఒకదానికొకటి సూటిగా కలవకుండా పక్కకు తప్పుకుంటాయి, అందుకే ముందు బోల్టులు వదులుగా ఉంచి, సందు కనిపించిన చోట పలుచని రేకు ముక్క దూర్చి, ఆ తరువాతే బిగించాలి. ఎత్తు విషయంలో మాత్రం వ్యాసం చెప్పినదే సరైనది, తిరిగే ఇరుసు నిలబడి పనిచేసేవారి మోచేతి ఎత్తుకు రావాలి.