తాళం వేసిన గదిలో స్కానింగ్ మెషీన్

“నరం దొరకడం లేదు సార్.” కోనసీమలో క్యాజువాలిటీ డ్యూటీలు చేసిన రోజుల్లో అర్ధరాత్రి దాటాక తరచూ విన్న మాట ఇది. వాడుకలో నరం అంటాం గానీ సిస్టర్ వెతికేది సిర కోసం. ఆ రాత్రి వచ్చినాయన రొయ్యల చెరువు కాపలాదారు. కాలి పుండు చీము పట్టి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది. సెలైన్లు ఎక్కించినా పై బీపీ 70 దాటలేదు. బీపీని నిలబెట్టే నార్‌అడ్రినలిన్‌ను చేతి మీది సన్నటి సిరలోంచి గంటల తరబడి ఎక్కించడం ప్రమాదం. మందు బయటికి కారితే అక్కడి చర్మం, కండ చచ్చిపోతాయి. మెడలోని పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్, అంటే మందులు ఎక్కించే పొడవాటి సన్నటి గొట్టం, వేయాల్సిందే.

ఆసుపత్రిలో స్కానింగ్ మెషీన్ ఉంది. కానీ ఆ గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్నాయన ఇంటికెళ్లిపోయాడు. మెడ మీద వేళ్లతో గుర్తులు చూసుకుని, పాత పద్ధతిలోనే గుచ్చాను. సిరంజిలోకి ఎర్రటి రక్తం దానంతటదే తన్నుకొచ్చింది. సూది దిగింది సిరలోకి కాదు, పక్కనే ఉన్న ధమనిలోకి. సూది తీసేసి పది నిమిషాలు మెడను అదిమి పట్టుకుని నిలబడ్డాను. తలుపు దగ్గర ఆయన భార్య “ఏమైందండి బాబూ?” అని అడుగుతూనే ఉంది. ఎలాగో లైన్ పడింది. తెల్లవారుజామున ఎదుర్లంక వంతెన దాటించి కాకినాడ పంపాం. ఆ పది నిమిషాలు నేనింకా మర్చిపోలేదు.

మెడ మీద స్కానింగ్ మెషీన్ ప్రోబ్ (చేత్తో పట్టుకుని ఒంటికి ఆనించే భాగం) పెడితే తెర మీద రెండు నల్లటి గుండ్రాలు కనిపిస్తాయి. మెల్లగా నొక్కితే ఒకటి చప్పగా అణిగిపోతుంది, అది సిర. రెండోది అణగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది, అది ధమని. సూది ఎటు పోతోందో చూస్తూ గుచ్చవచ్చు. సూదిలోంచి గైడ్ వైర్ (దారి చూపే సన్నటి తీగ) పంపి, దాని మీదుగా గొట్టం దించే పద్ధతిని స్వీడన్ డాక్టర్ సెల్డింగర్ 1953లోనే చెప్పాడు. ఆ వైర్ సిరలోనే ఉందని తెర మీద చూసుకున్నాకే దారి వెడల్పు చేయాలి. ధమనికి సన్నటి సూది రంధ్రం పడితే అదిమి ఆపవచ్చు. వెడల్పు చేశాక తెలిస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు.

ఇది కొత్త సంగతేం కాదు. మెడ సిరకు స్కానింగ్ సాయం తీసుకోవాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2002లోనే చెప్పింది. దీనివల్ల పొరపాటున ధమనికి గుచ్చుకోవడం సుమారు 70 శాతం తగ్గిందని అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన 2015 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

మరి మెషీన్ గది దాటి ఎందుకు రాదు? అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: లింగ నిర్ధారణ నిరోధక చట్టం. 1994 నాటి ఆ చట్టం అవసరమే, ఆడపిల్లల ప్రాణాల కోసం వచ్చింది. దాన్ని సడలించమని నేను అనను. కానీ రిజిస్టరైన ఆసుపత్రి ఆవరణలో ఇన్‌పేషెంట్ల కోసం పోర్టబుల్ మెషీన్ వాడుకునే వీలు ఆ నిబంధనల్లోనే ఉంది. చాలాచోట్ల అడ్డుపడుతున్నది చట్టం కాదు, భయం. తనిఖీకి వస్తే ఏమంటారోనన్న టెన్షన్‌తో యాజమాన్యాలు మెషీన్‌కు తాళం వేసి ఊరుకుంటున్నాయి.

మెషీన్ వస్తే సరిపోదు, చెయ్యి తిరగాలి. కొత్తవాళ్లు తెర మీద సూది నడుమును చూసి మొన అనుకుంటారు. మొన అప్పటికే సిర అవతలి గోడ దాటిపోయి ఉంటుంది. కోడి మాంసంలో నీళ్లు నింపిన రబ్బరు ట్యూబు దూర్చి పదిసార్లు గుచ్చి చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

డెల్టాలో దీని అవసరం మరీ ఎక్కువ. వరిచేలో రక్తపింజరి కాటేసిన మనిషికి రక్తం గడ్డకట్టదు. గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు ఉంచినా నీళ్లలాగే ఉంటుంది. అలాంటివాళ్లకు ముందు విరుగుడు ఇవ్వాలి. వీలైనంతవరకు సెంట్రల్ లైన్ జోలికే పోకూడదు. తప్పనిసరై వేస్తే మాత్రం ఒక్క గుడ్డి పోటు కూడా పడకూడదు. సార్వా కోతలు మొదలయ్యేలోపు మన ఏరియా ఆసుపత్రులు క్యాజువాలిటీలో వాడే మెషీన్‌ను, వాడే డాక్టర్ల పేర్లను రిజిస్ట్రేషన్‌లో ఎక్కించి, తాళంచెవిని నైట్ డ్యూటీ డాక్టర్ చేతికి ఇవ్వాలి.