నాలుగు వందల గ్రహాలు, ఒక పార్కింగు స్థలం

త్రిశంకు స్వర్గం కట్టేటప్పుడు విశ్వామిత్రుణ్ణి ఎవరూ ఫారం నింపమనలేదు. నన్ను నింపమన్నారు. అదీ పదకొండు ప్రశ్నలు.

దసరా సెలవులకి వచ్చిన మా మేనల్లుడు పొద్దస్తమానం ఫోను మీద వేళ్లు టకటకలాడిస్తుంటే, ఏమిట్రా అది అని అడిగాను. అడగడమే పొరపాటు.

"రోల్‌ప్లే మామయ్యా. ఒక్కొక్కళ్లకి ఒక్కో అంతరిక్ష సామ్రాజ్యం. బొమ్మలుండవు, బటన్లుండవు, అంతా రాయడమే. నువ్వో పోస్టు రాస్తే అవతలివాడు దానికి జవాబు రాస్తాడు. నీకు పద్యనాటకాల పిచ్చి కదా, ఇదీ వేషం కట్టడమే" అన్నాడు. అక్కడితో ఆగక, 1978లోనే ఇంగ్లండులో ఎసెక్స్ యూనివర్సిటీ కుర్రాళ్లు కంప్యూటర్లో ఉత్త అక్షరాలతో ఇలాంటి లోకం ఒకటి కట్టుకుని ఆడారని చరిత్ర కూడా చెప్పాడు. 1978లో నేను పలక మీద 'అ' దిద్దుకుంటున్నాను. ఇప్పటికే ఆలస్యమైంది, చేర్చుకో అన్నాను.

గ్రూపులో ఎనిమిది మంది, అందరూ తెలుగువాళ్లే. గుంటూరు, వరంగల్, మెల్‌బోర్న్, డాలస్. మా వాడే జీఎం, అంటే గేమ్ మాస్టర్. నాటకం భాషలో సూత్రధారుడు.

ఫారం ఇలా నింపాను. సామ్రాజ్యం పేరు: అఖండ నక్షత్ర మహాసామ్రాజ్యం. పాలకుడు: విశ్వవిజేత. గ్రహాలు: 400. జనాభా: లెక్కలేనంత. నౌకలు ఎలా ప్రయాణిస్తాయి: వేగంగా. బలహీనతలు: లేవు.

నింపడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తిరిగి రావడానికి రెండు.

"వేగంగా అంటే కుదరదు మామయ్యా. సూర్యుణ్ణి పక్కనపెడితే మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. 4.24 కాంతి సంవత్సరాలు. కిలోమీటర్లలో అయితే ఇంచుమించు 40 లక్షల కోట్లు. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక సెకనుకి 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో అంత దూరం పోవాలంటే 70,000 ఏళ్లు దాటుతుంది. నీ సైన్యం దిగేసరికి నీకు ఎవరి మీద కోపమొచ్చిందో వాళ్లే ఉండరు."

నేను పాతికేళ్లుగా అకౌంట్స్ సెక్షన్లో పనిచేస్తున్నాను. సున్నాలంటే భయం లేదు. అయినా గొంతు తడారింది. పోనీ సైన్యం వద్దు, కాంతి వేగంతో ఓ హెచ్చరిక పంపుతానన్నాను. పోవడానికి నాలుగేళ్ల పైన, జవాబు రావడానికి ఇంకో నాలుగేళ్ల పైన అన్నాడు. ఎనిమిదిన్నరేళ్లలో జవాబంటే మా ఆఫీసులో అర్జంటు ఫైలు కింద లెక్క. నాకేం అభ్యంతరం లేదన్నాను. వాడు ఒప్పుకోలేదు.

ఇలాంటి ఆటల్లో కాంతిని మించి పోవడానికి అందరూ ఏదో ఒక కిటుకు పెట్టుకుంటారట. వార్మ్‌హోల్ అనో, అంటే ఆకాశంలో అడ్డదారి సొరంగం, ఆకాశాన్ని మడతపెట్టడం అనో. పెట్టుకో, కానీ దానికి ఖర్చేమిటో, ఎప్పుడు మొరాయిస్తుందో కూడా రాయి అన్నాడు. నేను మడత తీసుకున్నాను. మా ఆవిడ చీరలు మడతపెట్టడం రోజూ చూస్తాను కాబట్టి, ఈ కొస ఆ కొసకి తగిలితే మధ్యలో ఆరు గజాలూ లేనట్టేనని తేలిగ్గానే బుర్రకెక్కింది. ఖర్చు కింద, ఒక్కో మడత తర్వాత ఇంజను ఆరు గంటలు చల్లారాలి అని రాశాను. అది మా స్కూటర్ చూసి రాసింది.

గ్రహాల దగ్గర పెద్ద పేచీ వచ్చింది. "నాలుగు వందల గ్రహాలకి తిండి ఎవరు పండిస్తారు? పోనీ ఒక్కో గ్రహంలో ఒక్కో ఊరి పేరు చెప్పు చాలు" అన్నాడు. మూడు చెప్పి నీళ్లు నమిలాను. అప్పుడు వాడన్న మాట మాత్రం బాగుంది: "అన్నీ ఉన్నవాడితో ఎవడు ఆడతాడు మామయ్యా? నీ దగ్గర ఏదో ఒకటి లేకపోతేనే కదా ఇంకొకళ్ల గడప తొక్కేది, బేరమో తగువో మొదలయ్యేది!" చివరికి బేరమాడితే ఒక గ్రహం, రెండు చంద్రులు, బిల్డరు మధ్యలో వదిలేసినట్టు సగం కట్టిన ఒక అంతరిక్ష కేంద్రం మిగిలాయి. అఖండ అనే మాట తీసెయ్యనా అని అడిగితే, ఉంచు, సరదాగా ఉంటుందన్నాడు.

మొదటి పోస్టులోనే పరువు పోయింది. "మా నౌకాదళం మీ రాజధానిని నేలమట్టం చేసింది. మీరు మోకరిల్లారు" అని డాలస్ సామ్రాజ్యానికి రాశాను. పది నిమిషాల్లో రెండేసి బ్రాకెట్ల మధ్య జవాబు వచ్చింది. అలా బ్రాకెట్లలో రాస్తే మాట్లాడేది వేషం కాదు, వేషం వెనకున్న మనిషి అని అర్థం. "సార్, నేను మోకరిల్లానో లేదో నేను చెప్పాలి కదండీ!"

దీన్ని గాడ్‌మోడింగ్ అంటారట. నువ్వు గురిపెట్టేవరకే నీ పని, తగిలిందో లేదో అవతలివాడు రాస్తాడు. నాకు వెంటనే తలకెక్కింది. రాయబారంలో కృష్ణుడి వేషగాడు తన పద్యం పాడి ఊరుకోక, దుర్యోధనుడి జవాబు కూడా తనే రాగం తీసి పాడేస్తే జనం ఏం చేస్తారు? వన్స్‌మోర్ మాత్రం అనరు. బ్రాకెట్లు పెట్టి క్షమాపణ చెప్పాను.

అప్పటినుంచి ఒద్దికగానే ఏలాను. డాలస్‌కీ మనకీ పది గంటల పైనే తేడా కాబట్టి, నేను రాత్రి రాసిన దెబ్బ అతనికి మర్నాడు తగిలేది. మూడు క్షణాల్లో తేలాల్సిన ఓ కాల్పుల సంఘటన పదకొండు రోజులు నడిచింది. మధ్యలో మా ఆవిడ ఊరెళ్లొచ్చింది కూడా.

ఇంతలో డాలస్ వాళ్ల సరుకు నౌక ఒకటి అనుమతి లేకుండా వచ్చి నా సగం కట్టిన కేంద్రంలో ఆగింది. మూడు వారాలైనా కదలదు. ఇక్కడ మీకు ఇంకో విషయం చెప్పాలి. విజయవాడలో మా అపార్ట్‌మెంట్లో నా పార్కింగు నంబరు 11. నాకు కారు లేదు, స్కూటరే. అది చూసి 302 ఆయన తన తెల్ల కారు ఎప్పుడూ నా 11లోనే పెడతాడు. స్కూటరు మెట్ల కింద నక్కి ఉంటుంది. ఆయన్ని ఒక్క మాట అడగాలని రెండేళ్లుగా అనుకుంటూ, లిఫ్టులో కనబడగానే "భోంచేశారా?" అని అడుగుతున్నాను. ఆ కోపమంతా ఎక్కడ దాగుందో గానీ, ఆ రాత్రి విశ్వవిజేత కలంలోకి వచ్చింది.

నోట్స్‌లో గంటసేపు చెక్కాను. నౌక, నౌక అని నాలుగుసార్లు వచ్చిందని ఒకచోట వాహనం అని మార్చాను. మిగతా చోట్లా అదే బాగుందనిపించి అన్నీ మార్చేశాను. కాపీ చేసి గ్రూపు తెరవబోతుంటే, స్క్రీను పైనుంచి అపార్ట్‌మెంట్ గ్రూపు మెసేజీ జారింది: 'రేపు మోటారు రిపేరు, ఉదయం నీళ్లు రావు'. కళ్లద్దాలు టీవీ మీద ఉన్నాయి. బొటనవేలు దాని మీద పడింది. తెరుచుకుంది. పేస్ట్ చేశాను. పంపాను.

'ఇదే మా ఆఖరి హెచ్చరిక. మా స్థలంలో అక్రమంగా నిలిపిన మీ వాహనాన్ని సూర్యోదయంలోగా తొలగించండి. మా సహనాన్ని చేతకానితనం అనుకున్నారు. తొలగించని పక్షంలో దాన్ని బూడిద చేసి, ఆ బూడిదను మీ గుమ్మం ముందే చల్లుతాం. - విశ్వవిజేత.'

తర్వాత సెక్రటరీ గారికి జవాబివ్వడం మర్యాద కదా అని వెనక్కొచ్చి, రెండో గ్రూపు తెరిచి, "సరే సార్, బకెట్లు నింపి పెట్టుకుంటాం. మోటారుకి మా వాటా ఎంతో చెప్పండి, ఇచ్చేస్తాం" అని రాసి హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే మా ఆవిడ మంచం పక్కన నిలబడి ఉంది. కాఫీ లేదు, చేతిలో ఫోనుంది.

"ఏవండీ, ఎవరి గుమ్మం ముందు బూడిద చల్లుతారు?"

గ్రూపులో ముప్ఫై ఒక్క మెసేజీలు. సెక్రటరీ గారు: 'సభ్యులందరూ సంయమనం పాటించవలెను.' 104: 'విశ్వవిజేత గారు ఏ ఫ్లాటు? కొత్తగా దిగారా?' 401: 'వీరు మెయింటెనెన్స్ కట్టారా?' 203 పెద్దాయన ఎప్పటిలాగే గులాబీ బొమ్మతో 'శుభోదయం'. రాత్రి పన్నెండూ పదికి 302: 'సూర్యోదయం రేపు ఎన్నింటికి?' దానికి ఎవరో పుణ్యాత్ముడు పంచాంగం చూసి టైము కూడా పెట్టాడు.

కిందికి వెళ్లాను. 11 ఖాళీగా ఉంది. నేల మీద ఆయిల్ మరక తప్ప ఏమీ లేదు. విచిత్రం, 7, 9 కూడా ఖాళీ. తెల్లవారుజామున వరసగా మూడు కార్లు బయటికి పోయాయని వాచ్‌మన్ చెప్పాడు. చెబుతున్నంతసేపూ నిటారుగా నిలబడే ఉన్నాడు, ఎప్పుడూ లేంది. స్కూటరు మెట్ల కిందినుంచి తీసి 11 మధ్యలో నిలబెట్టాను. పెద్ద పళ్లెంలో ఒక్క ఇడ్లీ పెట్టినట్టుంది.

అక్కడ మాత్రం సామ్రాజ్యం గంగలో కలిసింది. నా బకెట్ల సందేశాన్ని డాలస్ చక్రవర్తి లొంగుబాటుగా స్వీకరించాడు. 'మీ వినయానికి మెచ్చితిమి. మోటారు అనునది మీ రాజలాంఛనమని తలచుచున్నాము. అందుకు మీ వాటా: రెండవ చంద్రుడు.' మేనల్లుడికి ఫోన్ చేసి, అది పొరపాటురా, చెరిపెయ్యమన్నాను. చెరపడం కుదరదు, జరగనట్టు తిరగరాయడాన్ని రెట్‌కాన్ అంటారు, దానికి ఎనిమిది మందీ ఒప్పుకోవాలన్నాడు. ఓటింగు పెట్టాడు. మెల్‌బోర్న్ అమ్మాయి సరేనంది. వరంగల్ ఆయన "లేదు సార్, బకెట్ల ముచ్చటే మస్తుగున్నది, ఉంచున్రి" అన్నాడు. చంద్రుడు పోయాడు.

సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే సెక్రటరీ గారు. ఫైను రాస్తారేమోనని, జరిగింది జరిగినట్టు చెప్పబోయాను. ఆయన వినిపించుకోలేదు. లోపలికొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, గొంతు తగ్గించారు.

"మాస్టారూ, 401 వాళ్లు ఆరు నెలలుగా మెయింటెనెన్స్ కట్టలేదు. నేను రాస్తే ఒక్కడూ ఖాతరు చేయడు. మీరే ఒకటి రాసిపెట్టాలి. సూర్యోదయం వద్దు, నెలాఖరు అని పెట్టండి."

"బూడిద తీసేయమంటారా?"

"అబ్బే, ఉండనివ్వండి" అన్నారు.