టికెట్ కొన్న మనిషికి బొమ్మ కనిపించదు

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా ముందు రోజూ దాదాపు 20 వేల మంది పోగవుతున్నారు. బొమ్మ చూస్తే 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. వెనక వరసలో ఉన్నవాళ్లు దాన్ని ముందున్నవాళ్ల ఫోన్లలో చూసి తృప్తిపడాల్సిందే. ఆ బొమ్మకు వేరే గది, ఆ గదికి వేరే టికెట్ పెడతామని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2025 జనవరిలో ప్రకటించినప్పటి నుంచీ చర్చంతా రద్దీ చుట్టూనే తిరుగుతోంది. మహానగరాల్లో మ్యూజియం సరదాను చంపుతున్నది జనం కాదు, టికెట్.

పర్యాటకుల మాట అలా ఉంచండి, అదే ఊళ్లో కాపురముండేవాళ్ల సంగతి చూద్దాం. తలుపు దగ్గర 22 యూరోలు (2024లో లూవ్ర్ పెట్టిన ధర ఇది) వదిలించుకున్న మనిషి లోపలికెళ్లి ఏం చేస్తాడు? పెట్టిన డబ్బు రాబట్టుకుంటాడు. ఒక్క హాలూ వదలడు. మమ్మీలు, కిరీటాలు, పింగాణీ, తలల్లేని శిల్పాలు, అన్నీ చుట్టేస్తాడు. సాయంత్రానికి కాళ్లు పీకుతాయి, కళ్లు మూతలు పడతాయి, మరో నాలుగేళ్లు ఆ వైపు చూడడు. మ్యూజియం అలసట కొత్త జబ్బేమీ కాదు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్‌మన్ 1916లోనే దాని మీద వ్యాసం రాశారు. అద్దాల బీరువాల్లో ఉన్నది కనబడాలంటే మనిషి ఎంత వంగాలో, ఎక్కడ గొంతుకూర్చోవాలో ఫొటోలు తీయించి మరీ చూపించారు.

ఇక తీరిగ్గా చూడటమంటే ఏమిటో చెప్పాలి. లండన్ నేషనల్ గ్యాలరీలో వాన్ ఐక్ 1434లో గీసిన ఆర్నొల్ఫీని దంపతుల చిత్రం ఉంది. పైసా ఇవ్వకుండా చూడొచ్చు. గబగబా చూస్తే ఒక మగాడు, ఒక ఆడమనిషి, కాళ్ల దగ్గర బొచ్చుకుక్క. అంతే. కాసేపు నిలబడితే బొమ్మ నెమ్మదిగా విప్పుకుంటుంది. పట్టపగలు పైనున్న దీపాల గుత్తిలో ఒకే ఒక్క కొవ్వొత్తి వెలుగుతోంది. కిటికీ దగ్గర నారింజలు. వెనక గోడకు ఉబ్బెత్తు అద్దం, అందులో దంపతుల వీపులు, వాళ్లకెదురుగా గుమ్మంలో మరో ఇద్దరు. అద్దం చట్రం చుట్టూ 10 చిన్న బిళ్లలు, ఒక్కో బిళ్లలో క్రీస్తు కథలోని ఒక్కో ఘట్టం. అద్దం పైన, గోడ మీదే, ‘వాన్ ఐక్ ఇక్కడున్నాడు’ అని లాటిన్‌లో రాత. అన్నట్టు, అద్దంలో కుక్క లేదు. ఇది మొదటిసారే కనిపెట్టేవాళ్లు అరుదు. రెండోసారో మూడోసారో, ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ పావుగంట ఆగినప్పుడు కంటపడుతుంది. ఆ పావుగంటకు 22 యూరోలు ఎవరూ పెట్టరు.

ఒక్క బొమ్మ చాలునని ఈ గ్యాలరీయే యుద్ధకాలంలో రుజువు చేసింది. బాంబులకు భయపడి చిత్రాలన్నిటినీ వేల్స్‌లోని పలకరాయి గనిలో దాచేశారు. కనీసం ఒక్క చిత్రమైనా చూపించండని 1942 జనవరిలో ఓ పాఠకుడు టైమ్స్ పత్రికకు లేఖ రాశాడు. డైరెక్టర్ కెనెత్ క్లార్క్ సరేనన్నారు. మార్చి నుంచి నెలకొక చిత్రం గనిలోంచి తెప్పించి పెట్టారు. ఆ ఒక్క దాని కోసం జనం వచ్చారు. ఇప్పుడు చూడండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం 2023లో డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన 28 చిత్రాలు ఒకచోట చేర్చితే టికెట్లు రోజుల్లో అయిపోయాయి, ఆరున్నర లక్షల మంది చూసి వెళ్లారు. గొప్పే, కాదనను. కానీ వాటిలో ‘పాలు పోసే పనిమనిషి’ సహా కొన్ని ఏళ్ల తరబడి ఆ మ్యూజియంలోనే ఉన్నాయి, వాటిని చూడటానికి ఆ ప్రదర్శన దాకా ఆగక్కర్లేదు.

ఉచితమంటే ఖర్చెవరు భరిస్తారని అడుగుతారు. పైగా 2001లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో చిత్రం ముందు ఆగింది సగటున 27 సెకన్లే, అప్పుడక్కడ తోచినంత ఇచ్చి వెళ్లే పద్ధతే కదా అంటారు. నిజమే, ఉచితం పెట్టగానే ఓపిక పుట్టుకురాదు. మళ్లీ వచ్చే వీలు మాత్రం ఉంటుంది, నా వాదన అంతవరకే. డబ్బుకు దారులూ ఉన్నాయి. అదే మెట్రోపాలిటన్ 2018 నుంచి బయటివాళ్లకు టికెట్ తప్పనిసరి చేసి, న్యూయార్క్ రాష్ట్ర ప్రజలకు పాత పద్ధతే ఉంచింది. బ్రిటన్ 2001 డిసెంబరులో జాతీయ మ్యూజియాల శాశ్వత సేకరణలకు ప్రవేశ రుసుం ఎత్తేసింది, ప్రత్యేక ప్రదర్శనలకు వసూలు చేసుకుంటోంది.

అసలు ఇది బొమ్మల గొడవే కాదు. మహానగరంలో ఏమీ కొనకుండా కూర్చోగల చోటు ఎక్కడుంది? కాఫీ కొంటే కుర్చీ, సినిమా టికెట్ కొంటే సీటు. బస్టాపుల్లో బెంచీలను పడుకోవడానికి వీల్లేకుండా వాలుగా చేస్తున్నారు, మధ్యలో కమ్మీలు బిగిస్తున్నారు. గ్రంథాలయం, పార్కు, మ్యూజియం, ఈ మూడే మిగిలాయి. అందుకే కొత్త మ్యూజియం నమూనా ఏది చూపించినా గాజు గోపురం ఎంత ఎత్తో నాకు అక్కర్లేదు. హాలుకెన్ని బెంచీలు వేస్తున్నారు, వాటికి వీపు ఆనించుకునే చెక్క ఉందా అన్నది ముందు చెప్పమనండి.