మూడు నెలల మందు ఆరు నెలలకు సాగదు, బావూ

ఈ నెలలో ఆ మెసేజు నాకు ఏడోసారి వచ్చింది. ఈసారి పంపినాయన నా సొంత తోడల్లుడు. కింద నాలుగు దండాలు, రెండు గులాబీలు. "అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు మందుల విషయంలో 9 బంగారు సూచనలు. 30 ఏళ్లుగా అక్కడే ఉంటున్న ఒక పెద్ద డాక్టరుగారి అనుభవం. పది మందికి పంపండి." ఆ పెద్ద డాక్టరుగారికి పేరు లేదు, ఊరు లేదు, ఏ జబ్బులు చూస్తారో అదీ లేదు. శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న నాకు పేరూ ఊరూ రెండూ ఉన్నాయి. ఫోను నా మొహం ముందు పెట్టి "ఇందులో ఉన్నట్టే ఇచ్చీ బావూ" అనేవాళ్ల గొడవా ఉంది. అందుకని తొమ్మిదింటికీ జవాబు రాస్తున్నాను. వాళ్లిచ్చిన వరసలో కాదు, నాకు కోపం వచ్చిన వరసలో.

ముందు 4వ సూచన. ఉన్నదున్నట్టు ఇదీ: "అమెరికాలోకి మూడు నెలల మందులే రానిస్తారు. కంగారు పడకండి. అక్కడి చల్లటి వాతావరణం, కల్తీ లేని తిండి వల్ల బీపీ, షుగరు వాటంతటవే తగ్గుతాయి. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటే మూడు నెలల మందు ఆరు నెలలకు హాయిగా సరిపోతుంది."

హాయిగానట.

నరసన్నపేట అవతల ఒక ఊళ్లో లెక్కల మేస్టారొకాయన ఉన్నారు, రిటైరయ్యారు. కూతురి పురుడికని నవంబరు మొదట్లో భార్యాభర్తలిద్దరూ చికాగో వైపు వెళ్లారు. తిరిగొచ్చిన వారానికి షాపుకొచ్చి, చేతిసంచిలోంచి బీపీ బిళ్లల అట్టలు తీసి కౌంటరు మీద పరిచారు. "మిగిలిపోయాయి బావూ, వాపసు తీసుకుంటావేటి?" అన్నారు. ఆరు నెలలుండి వచ్చినాయనకి మూడు నెలల మందు ఎలా మిగులుతాదని అట్ట తిప్పి చూశాను. వెనక వెండిరేకు మీద ప్రతి బిళ్ల దగ్గరా బాల్‌పెన్నుతో తారీఖు. 3, 5, 7, 9, 11... ముత్యాల్లాంటి దస్తూరీ. నవంబరంతా బేసి సంఖ్యలు, డిసెంబరంతా బేసి సంఖ్యలు. డిసెంబరు 31 తర్వాత లెక్క తప్పకుండా జనవరి 2. అక్కణ్నుంచి సరి సంఖ్యలు. 12 దగ్గర ఆగిపోయాయి.

12వ తారీఖు పొద్దున్న బాత్రూం గుమ్మంలో పడ్డారట. అంబులెన్సు వచ్చేసరికి పై బీపీ 210. పచ్చి బాలింత కూతురు ఇంట్లో, అల్లుడు ఆసుపత్రిలో. దేవుడి దయ, పక్షవాతం లేకుండా బయటపడ్డారు. బిల్లెంతయిందని అడిగితే "అదడక్కు" అని గోడ మీద కేలెండరు వైపు చూశారు. అంత లెక్క తెలిసిన మనిషిని తప్పు లెక్కలోకి దింపింది ఆ నాలుగు లైన్ల మెసేజు.

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. తగ్గదు. ఇక షుగరంటారా? గుమ్మం దాకా మంచు పడి ఉంటే వాకింగెక్కడ? సోఫాలో కూర్చుని మనవడి ఉయ్యాల ఊపుతూ, బాలింత వద్దన్న సున్నుండలు తాతగారు తింటూ ఉంటే షుగరు దిగుతుందా? టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్ల ఒక రోజుకి చేసిన మందు, రెండో రోజు పని దానికి రాదు. మెటోప్రొలాల్ లాంటి బీపీ, గుండె మందులు మరీ ప్రమాదం. ఒక్కసారిగా మానేస్తే గుండె వేగం, బీపీ ఎదురు తిరిగి ఎక్కుతాయి. స్టెంటు వేసుకున్నవాళ్లు రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ని ఇలా "సర్దుకుంటే" స్టెంటులో గడ్డ కడుతుంది. ఫిట్స్ మందు సర్దుకుంటే ఫిట్స్ వస్తుంది. ఇంకొందరు తెలివిగా బిళ్లను సగానికి విరుస్తున్నారు. పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో ఉంటే అది రోజంతా కొంచెం కొంచెం విడుదలయ్యేలా కట్టిన మందు. డాక్టర్ని అడక్కుండా విరిస్తే ఆ కట్టు తెగిపోతుంది.

ఈ పాపానికి మూలం 3వ సూచన: "90 రోజులకు మించి మందులుంటే జైలు." జైలూ లేదు, గియిలూ లేదు. ఇంచుమించు 90 రోజుల సొంత వాడకానికి సరిపడా తెచ్చుకోవచ్చని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాట. అంతకన్నా ఎక్కువ రోజులుండేవాళ్లు మిగతాది తరవాత తెప్పించుకోవచ్చని కూడా అదే ఎఫ్‌డీఏ చెబుతుంది. పార్సిల్‌తో పాటు డాక్టరు చీటీ, ఇంగ్లీషులో ఉత్తరం, పాస్‌పోర్టు, వీసా కాపీలు ఉండాలి. పార్సిల్ తనిఖీలో ఆగి ఆలస్యం కావచ్చు గనక చివరి అట్ట దాకా ఆగకుండా నెల ముందే పంపించుకోవాలి. లేదా అక్కడే ఒకసారి డాక్టరుకి చూపించి చీటీ రాయించుకోవాలి. రోజు విడిచి రోజు అన్న మార్గం ఎఫ్‌డీఏ చెప్పలేదు, మన పెద్ద డాక్టరుగారికి కలలో కనిపించింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మెసేజు రాసినవాడికి మందు తెలీదు గానీ మనుషులు తెలుసు. మేస్టారు బిళ్లలు దాచుకున్నది చదివి నమ్మి మాత్రమే కాదు. అల్లుడిని మందులడగడం నామోషీ. పాత జబ్బుల రోజువారీ మందుల ఖర్చు సందర్శకుల ఇన్సూరెన్సు మామూలుగా ఇవ్వదు. డాక్టరు దగ్గర ఒక్కసారి కూర్చుంటే పోయే డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకుని "నాకేటయ్యింది, బాగానే ఉన్నాను" అంటారు. ఆ మొహమాటానికి ఈ మెసేజు ఒక డాక్టరు సర్టిఫికెట్టిచ్చింది. పిల్లలూ, మీరు ఇది చదువుతుంటే, టిక్కెట్టు కొనేరోజే ఆరు నెలల మందుల సంగతి మీరే అడగండి. వాళ్లు అడగరు.

2వ సూచన: "అట్టల్లోంచి బిళ్లలు తీసి ఒకే డబ్బాలో పోసుకోండి, బరువు తగ్గుతుంది, కస్టమ్స్‌కి అనుమానం రాదు." పేరు లేని తెల్లబిళ్లలు డబ్బాడు చూస్తే అనుమానం రాదంట! బరువంటే, రోజుకి రెండు చొప్పున షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ మూడు నెలలకి 180, అంటే పదేసి బిళ్లల అట్టలు 18. దానికి బెంగపడేవాళ్లు ఆవకాయ సీసాల దగ్గర బెంగపడరేం? అట్ట తీసేస్తే పేరు పోయింది, బ్యాచి నంబరు పోయింది, గడువు తారీఖు పోయింది. టెల్మిసార్టాన్ గాల్లో తేమని పీల్చేసే రకం, వేసుకునే నిమిషం దాకా రేకులోనే ఉండాలి. ఆస్పిరిన్‌కి తేమ తగిలితే వెనిగర్ వాసనొస్తుంది, అంటే మందు విరిగిపోతోందని. నేనూ శుద్ధపూసను కాదు. షాపు పెట్టిన కొత్తలో అడిగినవాళ్లకి అట్టలు విప్పి కవర్లలో పోసిచ్చాను, పైన పెన్నుతో "పొద్దున్న", "రాత్రి" అని రాసి. ఇప్పుడు అడిగితే ఇవ్వను, అరిచినా ఇవ్వను. థైరాయిడ్ బిళ్లలు చాలావరకు కంపెనీ సీసాలోనే వస్తాయి, ఆ సీసా అలాగే తీసుకెళ్లండి.

1వ సూచన: "మందులన్నీ పెద్ద సూట్‌కేసులో, ఇన్సులిన్ ఐసుముక్కల మధ్య పెట్టి చెక్-ఇన్‌లో వేయండి." విశాఖలో ఎక్కించిన సూట్‌కేసు హైదరాబాదులో తప్పిపోతే? మందులు చేతిబ్యాగులోనే ఉండాలి, చీటీతో సహా. ఇన్సులిన్ గడ్డకడితే పారేయడమే. దాన్ని ఐసుకి ఆనించకూడదు, సామాన్ల గదిలో వేయకూడదు. ఇన్సులిన్‌ని సెక్యూరిటీవాళ్లు ఆపరు. మందని ముందే చెప్పాలి, అంతే.

5వ సూచన చదివి మాత్రం నవ్వొచ్చింది: "శరీరానికి ఇండియా గడియారమే గుర్తుంటుంది కనుక మందులు ఇండియా టైముకే వేసుకోవాలి." శ్రీకాకుళంలో పొద్దున్న 8 అయితే చలికాలం చికాగోలో ముందురోజు రాత్రి 8:30. టిఫినుకి ముందు వేసుకునే షుగరు బిళ్ల గ్లిమిపిరైడ్‌ని రాత్రి వేసుకుని, ఒక చపాతీ తిని పడుకుంటే నడిరాత్రి షుగరు పడిపోతుంది. చెమటలు పడితే "హీటర్ ఎక్కువైంది" అనుకుంటారు. రోజుకొక్కటి వేసుకునే బీపీ, థైరాయిడ్ బిళ్లలు దిగిన మర్నాటి నుంచి అక్కడి పొద్దుకే మార్చుకోవచ్చు. థైరాయిడ్ మందు ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, పూట తేడాకి ఏమీ కాదు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాళ్లు మాత్రం ప్రయాణం రోజు ఎంత, ఎప్పుడు అన్నది బయల్దేరేముందే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి.

6: "అక్కడ మన మందులేవీ దొరకవు, దొరికినా వేల డాలర్లు." సగం అబద్ధం. మెట్‌ఫార్మిన్, బీపీకి వాడే లిసినోప్రిల్ లాంటి పాత మందులు వాల్‌మార్ట్‌లో నెలకి 4 డాలర్లకే ఇవ్వడం 2006 నుంచీ ఉంది, అక్కడి డాక్టరు చీటీ ఉంటే. మన చీటీ చెల్లదు. మిగతా సగం నిజం, అదెందుకో మెసేజులో లేదు. మన దగ్గర షుగరుకి విరివిగా రాసే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, గ్లిక్లజైడ్, బీపీకి రాసే సిల్నిడిపిన్ అక్కడ ఆమోదం లేని మందులు. అక్కడి డాక్టరు రాద్దామన్నా షాపులో ఉండవు. ఇవి వాడేవాళ్లు అక్కడ దొరికే మందుకి మారాలో, ఇక్కణ్నుంచి తెప్పించుకోవాలో మన డాక్టరుతో వెళ్లేముందే తేల్చుకోవాలి. పారాసిటమాల్‌కి అక్కడ అసెటమినోఫెన్ అని పేరు, మన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ అక్కడ 81. ఇవి చూసి కంగారుపడక్కర్లేదు.

7కి మళ్లీ కోపమొచ్చింది. "నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు ఎక్కువ పట్టుకెళ్లండి, అక్కడున్న తెలిసినవాళ్లకీ ఉపయోగపడతాయి." మోకాళ్లనొప్పికి రోజూ డైక్లోఫెనాక్ వేసుకోమని ఈ జిల్లావాళ్లకా చెబుతున్నారు? కవిటి, సోంపేట, కంచిలి మనుషుల కోసం పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచిన జిల్లా ఇది. ఆ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతాన్ని పీడించే కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలకపోవచ్చు. దెబ్బతిన్న కిడ్నీ మీద నొప్పిబిళ్ల ఏం చేస్తుందో మాత్రం తేలిపోయింది. టెల్మిసార్టాన్, నీరు పోయే బిళ్ల, నొప్పిబిళ్ల మూడూ కలిస్తే మంచి కిడ్నీకే ముప్పు. మోకాలికి పూసుకునే డైక్లోఫెనాక్ జెల్ అక్కడ చీటీ లేకుండానే దొరుకుతుంది.

ఇదే మెసేజు "అమెరికా" తీసేసి "గల్ఫ్" అని పెట్టి వెల్డింగు పనికెళ్లే కుర్రాళ్ల గ్రూపుల్లోనూ తిరుగుతోంది. దుబాయిలో నొప్పికిచ్చే ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గుమందు, మన షాపుల్లో "నరాల బిళ్ల" అని పిలిచే ప్రీగాబలిన్ నియంత్రణలో ఉన్న మందులు. అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోకుండా జేబులో వేసుకెళ్తే కేసు. "మా తమ్ముడికివ్వు బావూ" అని బస్టాండులో ఎవరో పొట్లం చేతిలో పెడితే, తమ్ముడిది కాదు, మీదే ఆ కేసు. అమెరికా పోతూ దుబాయిలో విమానం మారేవాళ్లూ చూసుకోవాలి.

8: "కాకరకాయ పొడి ఉంటే షుగరు మందు అక్కర్లేదు." పొడి కూరలో వేసుకోండి, మందు వేళకి వేసుకోండి.

మిగిలింది 9. "మందుల జాబితా రెండు కాపీలు రాసి, భార్యది భర్త బ్యాగులో, భర్తది భార్య బ్యాగులో పెట్టండి." ఇది తప్పు పట్టడానికి రెండు రోజులు వెతికాను, దొరకలేదు. మేస్టారు పడిపోయినప్పుడు ఏం మందులు వాడతారని అంబులెన్సువాళ్లు అడిగితే వాళ్లావిడ "తెల్లదొకటి, గులాబీదొకటి" అని చెప్పారట. 22 ఏళ్లలో ఒక్కరికీ నేను ఈ మాట చెప్పలేదు, ఆ దిక్కుమాలిన మెసేజు చెప్పింది. ఒక్కటే చేర్పు, కంపెనీ పేరు పక్కన మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో అదీ ఇంగ్లీషులో ఉండాలి.

ఆ కాగితం కావలసినవాళ్లు మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య రండి, అప్పుడు షాపులో జనం తక్కువ, కూర్చుని రాసిస్తాను. చీటీలు, వాడుతున్న అట్టలు తెచ్చుకోండి. ఫోను ఇంట్లో పెట్టి రండి.